సంతకం కోసం నిలబడ్డవాళ్ల టైమ్

టీమ్‌ను నడిపేవాళ్లకు టైమ్ మేనేజ్‌మెంట్ మీద ఇచ్చే శిక్షణలు దాదాపు అన్నీ ఒక్క మనిషి రోజు చుట్టూనే తిరుగుతాయి. పెందలాడే లేవండి, రేపటి పనులు ఈ రాత్రే రాసిపెట్టుకోండి, ముఖ్యమైనవి ముందు చేయండి, ఫోన్ దూరం పెట్టండి. మంచి సలహాలే. పోటీ పరీక్షకు చదివే కుర్రాడికి, ఒక్కడే కూర్చుని లెక్కలు చూసుకునే అకౌంటెంటుకు అవి సరిపోతాయి. పదిమంది పని తన మాట మీద ఆధారపడ్డవాడికి చాలవు. అతను తన రోజును ఎంత పొందికగా సర్దుకున్నా, అతని సంతకం కోసమో ఒక ‘సరే’ కోసమో ఆరుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే ఆ పొందిక ఎవరికి పనికొచ్చినట్టు? ఇన్‌చార్జి టైమ్ ఎలా గడుస్తోందో తెలియాలంటే అతని డైరీ తెరవనక్కర్లేదు, అతని గది బయటకి వెళ్లి చూడాలి. అతని కోసం ఎవరు, ఎంతసేపు ఆగారు? నా దృష్టిలో అసలు కొలత అదే.

నేను పైడిభీమవరం పారిశ్రామికవాడలో, బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పొడి) తయారీలో, క్యూఏ, అంటే నాణ్యతకు పూచీ పడే విభాగం పనిలో ఉన్నాను. కాపురం విజయనగరంలో, రాకపోకలు నాతవలస మీదుగా కంపెనీ బస్సులో. మా వృత్తే సరిచూడటం, సంతకం పెట్టడం. కాబట్టి మనుషులు ఆగిపోవడం అనేది నేను రోజూ దగ్గర నుంచి చూసే సంగతి.

ఒక ఉదాహరణ చెప్తాను. మందుల తయారీతో సంబంధం లేనివాళ్లకు కూడా అర్థమవుతుంది. డ్రయ్యర్‌లో పొడి ఆరింది. శాంపిల్ క్యూసీకి, అంటే పరీక్షల ల్యాబుకి వెళ్లింది, తేమ పరిమితిలోనే ఉందని రిజల్ట్ వచ్చింది. ఇక పొడిని దింపి డ్రమ్ములకు ఎత్తాలి. దానికి ముందు క్యూఏ మనిషి వచ్చి, గది శుభ్రంగా ఉందా, పాత బ్యాచ్ తాలూకు లేబుల్ గానీ సంచి గానీ మిగిలిపోయిందా, తూకం కాటా ఆ రోజు సరిచూశారా అని చూసి లైన్ క్లియరెన్స్ ఇవ్వాలి. ఆ మనిషి మీటింగ్‌లో ఉన్నాడు. ఇటు ఆపరేటరు, ఇద్దరు హెల్పర్లు అప్పటికే పై నుంచి కింద దాకా గౌను, మాస్కు, రెండు జతల గ్లౌజులు వేసుకుని పౌడర్ గదిలో నిలబడి ఉన్నారు. మంచినీళ్లు తాగాలన్నా అవన్నీ విప్పి బయటికి రావాలి, మళ్లీ లోపలికెళ్లాలంటే మొదటి నుంచి వేసుకోవాలి. అందుకని రారు. నిలబడే ఉంటారు. ముప్పావు గంట అలా గడిచిపోతుంది.

ఈ ముప్పావు గంట ఎక్కడ నమోదవుతుంది? మీటింగ్‌లో ఉన్నతని క్యాలెండర్‌లో ఆ సమయం నిండుగా, గౌరవంగా కనిపిస్తుంది. బీఎంఆర్‌లో అంటే బ్యాచ్ తయారీ రికార్డులో, డ్రయింగ్ ముగిసిన టైమ్ ఒక గడిలో ఉంటుంది, అన్‌లోడింగ్ మొదలైన టైమ్ ఇంకో గడిలో ఉంటుంది. వాటి మధ్య ఏమైందో రాయడానికి గడి లేదు. ఎవరైనా ఆడిటర్ వేలు పెట్టి అడిగితే తప్ప ఆ ఖాళీని ఎవరూ చూడరు. నెలాఖరుకి ఉత్పత్తి తగ్గితే మాత్రం ‘ఆపరేటర్లు నెమ్మదిగా చేస్తున్నారు’ అనే మాట పుడుతుంది. నాకు బాధ కలిగించేది ఈ మాటే. నిలబెట్టింది ఒకరైతే, నెమ్మదనే పేరు నిలబడ్డవాళ్లకి వస్తోంది.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఏ పని రికార్డు ఆ పని జరిగేటప్పుడే రాయాలి, చూసినవాడు చూసినప్పుడే సంతకం పెట్టాలి. మందుల తయారీలో ఇది పునాది. ఇన్‌చార్జి దొరకడం కష్టమైన చోట ఈ పునాది మెల్లగా కదులుతుంది. ‘సార్ వచ్చాక పెడతారులే, ముందు పని కానిద్దాం’ అని ఒకరోజు ఎవరో అంటారు. తర్వాత అది అలవాటవుతుంది. షిఫ్టు చివర్లో ‘చెక్డ్ బై’ గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నిండుతాయి. బయటివాళ్లు దాన్ని నిజాయితీ లోపం అంటారు. నిజాయితీపరుడైన కెమిస్టుని ఆ అంచు దాకా నెట్టింది ఇన్‌చార్జి టైమే అని ఎవరూ అనరు. నేను అంటాను.

ఆగడం ఎందుకు అంతగా పెరిగిపోతుందో చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలకు కాల్స్ ఎలా వచ్చిపడతాయన్న దాని మీద డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో రాసిన పత్రంతో అది మొదలైంది. క్యూ సిద్ధాంతం అంటారు. అందులో అన్నిటికంటే తేలికైన లెక్క ఇలా ఉంటుంది. పనులు చూసేవాడు ఒక్కడే. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, ఒక్కోదానికి పట్టే టైమ్ ఒక్కోలా ఉంటుంది. సగటున ఒక పనికి 15 నిమిషాలు అనుకుందాం. అతని టైమ్‌లో సగం నిండి ఉంటే, వచ్చినవాడు సగటున 15 నిమిషాలు ఆగాలి. 80 శాతం నిండి ఉంటే గంట ఆగాలి. 90 శాతానికి రెండుంపావు గంటలు. 95 శాతానికి నాలుగు గంటల 45 నిమిషాలు. అంటే ఎనిమిది గంటల షిఫ్టులో సగానికి పైనే.

ఈ అంకెల్ని ఒకసారి నెమ్మదిగా చూడండి. 80 నుంచి 95కి వెళ్లడానికి ఇన్‌చార్జి తన రోజులో అదనంగా చేసిన పని 15 శాతమే. బయట నిలబడ్డవాడి నిరీక్షణ దాదాపు అయిదు రెట్లయింది. నిజ జీవితంలో పనులు అచ్చం ఈ లెక్క ప్రకారమే రావు. కొన్ని ముందే తెలుస్తాయి, కొన్నిటిని పక్కవాడు చూసిపెడతాడు. కానీ ఆ గీత వంపు అలాగే ఉంటుంది: మొదట చదునుగా సాగి, చివర్లో నిట్టనిలువుగా లేస్తుంది. అందుకే టీమ్‌ని నడిపే మనిషి రోజు కిక్కిరిసి ఉండటం అనేది గొప్ప కింద లెక్కేయడం ఆపాలి. కిక్కిరిసిన రోజంటే కింద ఎవరో గంటల తరబడి ఆగుతున్న రోజు.

ఇక్కడ నాతో గొడవపడేవాళ్లు ఉంటారని తెలుసు. ‘అయితే ఇన్‌చార్జి రోజులో అయిదో వంతు ఊరికే కూర్చోవాలా? దానికా జీతం?’ అని అడుగుతారు. అవును, కూర్చోవాలి, దానికే జీతం. ఎక్కడా మంటలు లేని రోజున ఫైర్ ఇంజన్ ఊరికే ఉందని ఎవరూ దాన్ని కూరగాయల రవాణాకి పంపరు కదా. అయినా అతను గోడ చూస్తూ ఏమీ కూర్చోడు. ఎప్పుడైనా ఆపగలిగే పనులు కొన్ని ఉంటాయి: పాత రికార్డులు తిరగేయడం, ప్రొడక్షన్ బ్లాకులో ఒక చుట్టు తిరిగిరావడం, కొత్తగా చేరిన కెమిస్టుతో పది నిమిషాలు మాట్లాడటం. ఆ ఖాళీని వాటితో నింపుకోవచ్చు. షరతు ఒక్కటే: తలుపు దగ్గర మనిషి కనిపించగానే ఆ పనిని అక్కడే వదిలి లేవగలగాలి.

మరి లేవకూడని పనుల సంగతి? అవీ ఉన్నాయి. ఒక డీవియేషన్, అంటే రాసిపెట్టుకున్న పద్ధతి తప్పడం, ఎందుకు జరిగిందో తవ్వేటప్పుడు మధ్యలో నాలుగుసార్లు లేస్తే ఆ తవ్వకం పైపైనే ఆగిపోతుంది. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోయి రెండోది దెబ్బతింటుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ప్రయోగాలతో చూపించింది. మా అనుభవం కూడా అదే చెప్తుంది. మరోవైపు, హెన్రీ మింట్జ్‌బర్గ్ అనే కెనడా ఆచార్యుడు అయిదుగురు కంపెనీ అధిపతుల్ని ఒక్కొక్కరిని వారం పాటు దగ్గరుండి గమనించి 1973లో ప్రచురించిన దాంట్లో, వాళ్లు చేసిన పనుల్లో సగం తొమ్మిది నిమిషాల లోపే ముగిశాయి. గంట దాటినవి పదో వంతు. అంత పైవాళ్ల రోజే అలా ముక్కలై ఉంటే, ప్రొడక్షన్ బ్లాకులో ఉండేవాడికి ‘రెండు గంటలు తలుపేసుకోండి’ అని చెప్పడం ఏం న్యాయం?

ఈ ముడి ఒక్క మనిషితో విడదు. ఇద్దరు కావాలి. ఒకే విభాగంలో సంతకం అధికారం ఉన్న ఇద్దరుంటే, మధ్యాహ్నం దాకా ఒకరు బ్లాకులో, ఒకరు తలుపేసుకుని. భోజనం తర్వాత తారుమారు. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. అయినా చాలాచోట్ల జరగదు. కారణం, ఇద్దరూ పది గంటల మీటింగ్‌కి వెళ్తారు. ఇద్దర్నీ పిలుస్తారు, ఇద్దరూ వెళ్లకపోతే పైవారు ఏమనుకుంటారో అని ఇద్దరూ వెళ్తారు. బ్లాకులో ఎవరూ ఉండరు. మీటింగ్‌కి ఖర్చు ఎంతో లెక్కేసేటప్పుడు గదిలో కూర్చున్న పదిమంది గంటలే కలుపుతాం; వాళ్లు లేక బయట ఆగినవాళ్ల గంటలు కూడా కలిపితే ఆ మొత్తం చూసి చాలా మీటింగులు పిలవనే పిలవరు.

ఇది మందుల ఫ్యాక్టరీలకే చెందిన సంగతేమీ కాదు. మా వదిన ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరు. సాయంత్రం టెలీకాన్ఫరెన్స్ ఉందని మెసేజ్ వస్తుంది, టైమ్ ఉండదు. నాలుగా, ఆరా? ఊళ్లలో గర్భిణుల ఇళ్లకు వెళ్లాల్సిన ఏఎన్‌ఎంలు ఫోన్ చేతిలో పట్టుకుని సిగ్నల్ దొరికే చోట కూర్చుంటారు. కాన్ఫరెన్స్ మొదలయ్యాక వాళ్ల మండలం పేరు వచ్చేసరికి చీకటి పడుతుంది. మండలానికి పట్టింది రెండు నిమిషాలు. ఏ మండలానికి ఎన్ని గంటలకో ముందే చెబితే పోయేదానికి జిల్లా మొత్తం మీద ఎన్ని సాయంత్రాలు పోతున్నాయో!

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సింది సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు గురించి.

వంశధార కాలువ కింద వ్యవసాయం ఎరిగినవాళ్లకు శివారు రైతు కష్టం తెలుసు. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. పై రైతులు తూములు తెరుచుకున్నాక చివరికి ఎంత చేరిందన్నది శివారుకి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. ఇన్‌చార్జి టైమ్ కూడా అలాగే పారుతుంది. గది పక్కన కూర్చున్నవాళ్లు, గట్టిగా అడగగలిగేవాళ్లు, జనరల్ షిఫ్టులో వచ్చే ఆఫీసు మనుషులు ముందు వాడుకుంటారు. పొద్దుటి ‘ఏ’ షిఫ్టుకి, మధ్యాహ్నం ‘బీ’ షిఫ్టుకి కొంత మిగులుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పనిచేసేవాళ్లకి చేరేది ఏమీ ఉండదు.

రాత్రి రెండింటికి సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిర తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) తడి ముద్ద రంగు తేడాగా కనిపించిందనుకోండి. కెమిస్టుకి దారులు రెండే. ఫోన్ చేసి నిద్రలేపి చీవాట్లు తినడం, పొద్దున్న దాకా ఆపడం. చాలామంది ఆపుతారు. ఆరింటికి వచ్చే ‘ఏ’ షిఫ్టు వాళ్లకి నోటిమాటగా చెప్పి బస్సెక్కుతారు. ఎనిమిదిన్నరకి జనరల్ షిఫ్టు వస్తుంది, తొమ్మిదిన్నరకి ఇన్‌చార్జికి తెలుస్తుంది, అప్పటికి చూసిన మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు. పది నిమిషాల ప్రశ్నకి ఏడెనిమిది గంటలు. ఆపైన ‘రాత్రి వాళ్లు సరిగ్గా చెప్పలేదు’ అనే మాట.

నేను వారంలో కొన్ని రోజులు అయిదున్నరకల్లా ప్లాంటులో ఉంటాను. సీ షిఫ్టు వాళ్లు ఇంకా ఒంటి మీద గౌను విప్పకముందే ఒక్కో బ్లాకు తిరుగుతాను. ఆ అరగంటలో తేలినంత సంగతి పగలు మూడు మీటింగుల్లో తేలదు. ఎందుకంటే చూసిన కన్ను, చూపించే వేలు, నిర్ణయం చెప్పే నోరు ఒకేచోట ఉంటాయి. ఒక పెద్దాయన, హెల్పరు, మొదట్లో నన్ను చూసి ‘ఏటి బావూ, ఏదైనా తప్పయిపోనాదేటి?’ అని అడిగాడు. తప్పు జరిగితేనే పైవాడు వస్తాడని ఆయనకి అనుభవం నేర్పింది. ఇప్పుడు ఆయనే పిలిచి పైపు జాయింటు దగ్గర తడి చూపిస్తున్నాడు.

సెలవుల సంగతి కూడా ఇందులోదే. సెలవు చీటీ మీద నిర్ణయానికి రెండు నిమిషాలు చాలు. రాత్రి పగలు షిఫ్టుల జాబితా చూస్తే తేలిపోతుంది. కానీ ‘చూద్దాం’ అని సొరుగులో పడుతుంది. విజయనగరం వాళ్లకి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారమని ఏడాది ముందే తెలుసు. రణస్థలం, లావేరు వైపు నుంచి వచ్చే హెల్పర్లకి ఉభాలు (వరి నాట్లు) ఏ వారంలో పడతాయో వాన చూసి తెలుస్తుంది. అందరికీ తెలిసిన ఈ తేదీలకి సెలవు ఉందో లేదో ముందురోజు సాయంత్రం దాకా చెప్పరు. అప్పటిదాకా ఆ మనిషి ఇంట్లో ప్రతి మాటా ‘సెలవిస్తే’ అనే దగ్గర ఆగిపోతుంది. కూతుర్ని, అల్లుణ్ణి పండక్కి పిలవాలా వద్దా, కూలీలను మాట్లాడాలా వద్దా. లేదు అని చెప్పాల్సి వచ్చినా సరే, ముందే చెప్పే ‘లేదు’ని మనుషులు భరిస్తారు. చివరి నిమిషంలో వచ్చే ‘సరే’ కూడా చాలాసార్లు పనికిరాదు.

బస్సు మరీ ఘోరం. హైవే మీద కంపెనీ బస్సు ఎవరి కోసమూ ఆగదు. అయిదున్నరకి బస్సు ఉందనగా అయిదుంపావుకి ‘ఒక్క అయిదు నిమిషాలు కూర్చుందాం’ అని పిలిచే ఇన్‌చార్జికి సాధారణంగా సొంత కారు ఉంటుంది. కూర్చున్నవాళ్లకి ఉండదు. చీపురుపల్లి వైపు వెళ్లాల్సిన అమ్మాయి, క్యూసీలో కెమిస్టు, వాచీ చూసుకోవడానికి కూడా మొహమాటపడుతూ కూర్చుంటుంది. బస్సు పోతే హైవే మీద నిలబడి ఆర్టీసీ బస్సో, షేర్ ఆటోనో చూసుకోవాలి. ఒకసారి ఒక హెల్పరు ధైర్యం చేసి అడిగాడు, ‘బస్సు ఎలిపోతే మరి మాకు ఊరికి ఏటి దారి సార్?’ అని. ఆ గదిలో అంతకంటే సూటిగా ఎవరూ మాట్లాడలేదు. జీతం తక్కువైనవాడి టైమ్ చవకని మనం లోలోపల నమ్ముతున్నాం. గంటకి కంపెనీ ఇచ్చేది తక్కువ కావచ్చు, ఆ గంట పోతే అతనికి కలిగే నష్టం మాత్రం ఎక్కువ: చీకట్లో ప్రయాణం, ఇంట్లో వేచి ఉన్న పసిపిల్ల, మర్నాడు ‘ఏ’ షిఫ్టుకి నాలుగింటికే లేవాల్సిన నిద్ర.

ఆగేవాళ్లను తగ్గించాలంటే వచ్చే పనులు కూడా తగ్గాలి. అంటే సంతకాలు పంచాలి. ఇక్కడ ‘క్యూఏ కదా, నిబంధనలు ఒప్పుకోవు’ అంటారు. నిబంధనలు ఏం చెప్తున్నాయో చదవాలి. బల్క్ డ్రగ్స్ తయారీకి చాలా దేశాలు పాటించే ఐసీహెచ్ (మందుల నిబంధనల అంతర్జాతీయ సంస్థ) క్యూ7 మార్గదర్శకాలు 2000 నవంబరులో వచ్చాయి. కీలక దశల రికార్డుల్ని క్వాలిటీ యూనిట్ చూసి ఆమోదించాకే బ్యాచ్ బయటికి వెళ్లాలని అవి చెప్తాయి. అదే చోట, కీలకం కాని దశల రికార్డుల్ని, క్వాలిటీ యూనిట్ ఆమోదించిన పద్ధతి ప్రకారం, అర్హత ఉన్న ప్రొడక్షన్ మనుషులు చూడవచ్చని కూడా స్పష్టంగా రాశాయి. ఏది కీలకం, ఏది కాదు అన్నది ముందే తేల్చి రాసిపెట్టుకోవాలి, మనుషులకి శిక్షణ ఇవ్వాలి, అంతే. బ్యాచ్ విడుదల సంతకం ఎవరికీ అప్పగించకూడదు, అది సరే. కానీ అప్పగించదగిన వాటిని కూడా పట్టుకుని కూర్చోవడానికి కారణం నిబంధన కాదు, సంతకంలో ఉన్న హోదా. గది బయట నలుగురు నిలబడి ఉంటే పెద్దమనిషిలా అనిపిస్తుంది. దాన్ని వదులుకోవడం కష్టమే.

శిక్షణకి టైమ్ ఎక్కడిది అనేది నిజమైన కష్టం. ఒక షిఫ్టు కెమిస్టుకి ఒక డీవియేషన్‌ని మొదటి నుంచి చివరిదాకా నేర్పాలంటే మనమే రాసుకునే దానికి రెండింతలు పడుతుంది. ఆ వారం మన పనులు వెనకబడతాయి. పైనుంచి మాట కూడా పడుతుంది. అయినా ఇన్‌చార్జి ఖర్చు పెట్టే టైమ్‌లో మళ్లీ తిరిగి వచ్చేది ఇదొక్కటే. నేర్చుకున్న కెమిస్టు ఇక ‘ఏం చేయమంటారు సార్’ అని రాడు. ‘ఇలా జరిగింది, ఇలా చేద్దామనుకుంటున్నాను’ అని వస్తాడు. మనకి పట్టేది మూడు నిమిషాలు.

పైవాళ్ల సంగతి తేలకుండా ఇదంతా సగమే. ‘నా బాస్ నన్ను వదలడు, నేను కిందివాళ్లకి ఎలా దొరుకుతాను?’ అని అడిగిన మిత్రులకు నేను చెప్పేది ఒకటే: పని ఎక్కువైంది అనే ఫిర్యాదు పట్టుకుని వెళ్లకండి, ఆగినవాళ్ల లెక్క పట్టుకుని వెళ్లండి. ‘మీటింగ్ పదింటి బదులు పదకొండున్నరకి పెడితే రెండు డ్రయ్యర్లు ఆగవు’ అంటే వినని ప్లాంట్ హెడ్ నాకు తారసపడలేదు. పని ఎక్కువైందంటే అది మన గొడవ. డ్రయ్యర్ ఆగిందంటే అది అతని గొడవ కూడా.

ఆ లెక్క కోసం ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఆఫీసు గదిలోనే ఉండాలి, బ్లాకులోకి తీసుకెళ్లకూడదు. బ్యాచ్ నంబర్లు, రిజల్టులు అందులో అస్సలు రాయకూడదు. రాస్తే ఆడిట్‌లో అది లెక్కలో లేని రికార్డు కిందకి వచ్చి కొత్త తలనొప్పి అవుతుంది. మూడు గడులు చాలు: ఏ విభాగం మనిషి, ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి పని తేలింది. రాయాల్సింది వచ్చినవాడే, మనం కాదు. మనం రాస్తే మనకి అనుకూలంగా రాసుకుంటాం. రాత్రి షిఫ్టు వాళ్లు ఫోన్ చేద్దామనుకుని మానేసిన సంగతులు కూడా పొద్దున్న అందులో రాసే వీలుండాలి, అలా రాసినందుకు ఎవరికీ మాట రాకూడదు. రెండు వారాలు నడిపి, ఏ గంటలో ఎక్కువమంది ఆగుతున్నారో చూసి, ఆ గంటలో మనం ఎక్కడున్నామో పక్కన రాసుకుని, దాని ప్రకారం రోజు మార్చుకున్నాక ఆ బుక్కు ఆపేయండి. మళ్లీ పంటల టైమ్‌కి, ఆడిట్ల టైమ్‌కి రద్దీ మారుతుంది కాబట్టి అప్పుడు ఇంకో రెండు వారాలు తెరవచ్చు.